అమ్మీ నొప్పికి అమ్మీయే గవాహ్



మంగళవారం పొద్దున పదిన్నరకు విజయవాడలో అమ్మీకి గుండె డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ ఉంది. ఈ రోజు ఆదివారం. ఇంట్లో తయ్యారీ శుక్రవారం నుంచే మొదలైంది. ఆపా ఏలూరు నుంచి వచ్చింది. ఫ్లాస్కు కడిగింది, బురఖా ఇస్త్రీ చేసింది, జానమాజ్ మడిచి సంచిలో పెట్టింది. తమ్ముడు కారు మాట్లాడాడు. నూజివీడు నుంచి ఆగిరిపల్లి మీదుగా పోవాలా, హనుమాన్ జంక్షన్ మీదుగా పోవాలా అని గంటసేపు బహస్ జరిగింది. ఖాలా అజ్వా ఖర్జూరం పేస్టు డబ్బా పంపింది. మామూ ఫోన్ చేసి, "మగవాళ్లు ముగ్గురైనా వెంట ఉండాలి, లేకపోతే హాస్పిటల్ వాళ్లు లెక్కచేయరు" అన్నారు.

ఇన్ని అడిగారు గానీ, అమ్మీని మాత్రం ఎవరూ అడగలేదు. "నొప్పి ఎక్కడ వస్తోంది? ఎప్పుడు వస్తోంది? ఎలా ఉంటోంది?" అని.

నేను కూడా అడగలేదు. ఈ రోజు జొహర్ తర్వాత అడిగాను. ఆమె చెప్పింది విన్నాక నా మీద నాకే గుస్సా వచ్చింది. ఆ గుస్సాలోనే ఇది రాస్తున్నాను. చదివి మీలో కొందరికి నా మీద కోపం రావచ్చు. రానివ్వండి.

నా దావా ఒక్కటే. మన ఇళ్లలో ఛాతీ నొప్పి వచ్చిన మనిషిని, అందులోనూ ఆడమనిషిని, హాస్పిటల్‌కు తీసుకుపోతాం గానీ ఆమె మాటను తీసుకుపోము. మాటను ఇంట్లోనే వదిలేసి, మన మాట పట్టుకుని పోతాం. నొప్పి ఎవరిదో గవాహీ కూడా వాళ్లదే. ఆ గవాహీని ముందే కూర్చుని విని, రాసి, డాక్టర్ ముందు ఆమె నోటితోనే చెప్పించడమే అసలు తయ్యారీ. ఫ్లాస్కూ, కారూ, ముగ్గురు మగవాళ్లూ ఇవన్నీ సఫర్ సామాను.

*

ముందు అబ్బా సంగతి చెప్పాలి. చెప్పకపోతే నాకెందుకింత మంటో మీకు అర్థం కాదు.

అబ్బా మామిడి తోటలు గుత్తకు పట్టేవారు. బంగినపల్లి, కలెక్టరు, రసాలు. పూత మీద బేరం కుదుర్చుకుని, కాయ దిగేదాకా ఆ తోటలోనే ప్రాణం పెట్టుకునేవారు. ఆయన దగ్గర ఒక పొడుగు ఖాతా పుస్తకం ఉండేది. తేనెమంచు పురుగుకు ఏ తారీఖున మందు కొట్టించారు, ట్యాంకుకు ఎన్ని మిల్లీలీటర్లు కలిపారు, ఏ వరసలో పిందె రాలింది, గాలివాన ఏ రాత్రి వచ్చింది, అన్నీ అందులో ఉర్దూ అంకెల్లో రాసేవారు. చెట్టుకు ఒంట్లో బాగోకపోతే అబ్బాకు ముందే తెలిసేది.

తొమ్మిదేళ్ల కిందట మే నెల. నున్న మార్కెట్‌కు కాయ తోలుకుని వెళ్లాం. లోడు దిగుతుండగా అబ్బా తూకం పక్కన కూర్చుండిపోయారు. "సీనా పట్టేసింది బేటా, ఎండకు గ్యాస్ అయింది" అన్నారు. చొక్కా మొత్తం తడిసిపోయింది. మే నెలలో మార్కెట్‌లో ఎవరి చొక్కా తడవదు? నేను పరుగెత్తి గోలీసోడా తెచ్చాను. చుట్టూ ఉన్న పదిమందీ పది మాటలు చెప్పారు. ఒకరు గ్యాస్ పొడి కలిపిచ్చారు. ఒకరు వీపు రుద్దారు. ఒకరు అల్లం నమలమన్నారు. అందరూ మంచివాళ్లే. అందరిదీ ఒకే మాట, గ్యాస్. ఆ మాట మీద నమ్మకంతో రెండు గంటలు పోయాయి. ఆటోలో హాస్పిటల్‌కు చేరేసరికి ఇంకేమీ మిగల్లేదు.

అక్కడ డ్యూటీ డాక్టర్ నన్నొక్కటే అడిగాడు. "నొప్పి ఎప్పుడు మొదలైంది?" నేను "పొద్దున పదింటికి" అన్నాను. జనాజా అయ్యాక అమ్మీ చెప్పింది, నాలుగు రోజులుగా తోటలో నడుస్తుంటే ఎడమ చెయ్యి లాగుతోందని అనేవారట. ఖాతా తీసి చూశాను. ఆ నాలుగు రోజుల పేజీల్లో కోతకు వచ్చిన ముఠా కూలీల లెక్క ఉంది, ట్రేల లెక్క ఉంది, అబ్బా చెయ్యి సంగతి లేదు.

ఆ రోజు నుంచి "గ్యాస్" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. గ్యాస్ లేదని కాదు. గ్యాస్ కూడా గుండెల్లో మంట పుట్టిస్తుంది, నిజమే. కానీ ఏది గ్యాస్, ఏది గుండె అని తేల్చడానికి చదువుకున్న డాక్టరే ఈసీజీ తీసి, రక్తం పరీక్ష చేసి గాని చెప్పడు. సోడా బండి దగ్గర నిలబడి మనం ఎలా తేల్చేస్తున్నాం? గుండెపోటు చిన్న వయసు వాళ్లకు రాదు, మన వాళ్లకు రాదు అని ఎవరైనా అంటే ఈ లెక్క చూపించండి. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్లకు తొలి గుండెపోటు వచ్చిన సగటు వయసు 53. మిగతా దేశాల వాళ్లకు దాదాపు 59. అబ్బాకు 54.

*

ఇంత జరిగిన ఇంట్లో నేను నేర్చుకుని ఉండాలి కదా. నేర్చుకోలేదు. ఇది నా గలతీ, దాచను.

రెండు నెలల కిందట అమ్మీని ఊళ్లోనే ఒక క్లినిక్‌కు తీసుకెళ్లాను. లోపలికి వెళ్లగానే డాక్టర్ "ఏంటమ్మా?" అన్నాడు. అమ్మీ నా వైపు తిరిగి మెల్లగా, "దిల్ ఘబ్‌రా రా బోల్, ఊపర్ చఢే తో సాంస్ భర్‌తీ బోల్" అంది. నేను తర్జుమా చేశాను. "గాబరాగా ఉంటోందట సార్."

చూడండి, అక్కడే ఎలా తప్పిందో. మన ఉర్దూలో దిల్ ఘబ్‌రానా అంటే గుండె దడదడలాడటం, లోపల ఇరుకైపోవడం, ఊపిరి సరిపోకపోవడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. అదే మాట తెలుగులోకి వచ్చి గాబరా అయింది. తెలుగులో గాబరా అంటే కంగారు. పరీక్ష ముందు పిల్లలకు వచ్చేది. మాట ఒకటే, మర్జ్ మారిపోయింది. మెట్లెక్కితే ఊపిరి భర్తీ అవుతోందన్న రెండో ముక్కను నేను చెప్పనే లేదు. డాక్టర్ "ఏమైనా టెన్షన్లున్నాయా?" అన్నాడు. నేను అమ్మీని అడక్కుండానే "చెల్లి సంబంధం గురించి ఫిక్ర్ పెట్టుకుంది సార్" అన్నాను. నిద్రమాత్ర, గ్యాస్ మాత్ర రాశాడు. రెండు నిమిషాల్లో బయటికొచ్చాం. డాక్టర్ తప్పు ఎంతో నేను చెప్పలేను. ఆయన విన్నది నా మాట. నాకేమీ నొప్పి లేదు.

అమ్మీకి తెలుగు రాదా? బాగా వచ్చు. ఆవకాయ కాయల దగ్గర ఆమె బేరమాడితే అమ్మేవాడు దండం పెడతాడు. మరి డాక్టర్ ముందు నేనెందుకు మాట్లాడాను? అలవాటు. మగపిల్లాడు పక్కనుంటే అమ్మీ నోరు విప్పకూడదన్న అలవాటు. ఆమెకూ ఆ అలవాటే, నాకూ ఆ అలవాటే. దీనికి మనం తహజీబ్ అని పేరు పెట్టుకున్నాం.

నెల కిందట పక్కింటి నర్సు గారు మా మెట్ల మీద అమ్మీని చూశారు. సగం మెట్లెక్కి, గోడ పట్టుకుని, ఇంకో చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని నిలబడిందట. ఆవిడే పట్టుబట్టి ఈసీజీ తీయించారు. నార్మల్ వచ్చింది. మామూ "నార్మల్ కదా, ఇంక విజయవాడ ఎందుకు, డబ్బు దండగ" అన్నారు. మా ఇంట్లో అందరికీ ఆ మాట నచ్చింది. ఆ నర్సు గారే అన్నారు, "కూర్చున్నప్పుడు తీసిన ఈసీజీ నార్మల్ వచ్చినా, నడిచినప్పుడు గుండెకు రక్తం చాలుతోందని అర్థం కాదు. నొప్పి లేనప్పుడు తీస్తే చాలామందికి నార్మల్‌గానే వస్తుంది." ఆమె మా మతం కాదు, మా చుట్టం కాదు. మా ఇంట్లో మగవాళ్లందరి కంటే ఆమే ముందు అమ్మీని చూసింది.

*

ఈ రోజు జొహర్ తర్వాత అబ్బా ఖాతా పుస్తకం తీశాను. వెనక ఖాళీ పేజీలున్నాయి. అమ్మీ ఎదురుగా కూర్చుని, "అమ్మీ, నేను మధ్యలో మాట్లాడను, నువ్వు చెప్పు" అన్నాను. మొదట "ఏముంది బేటా, ఉమ్ర్ అయింది" అంది. నేను ఖామోష్‌గా ఉన్నాను. కాసేపటికి చెప్పింది.

నొప్పి కాదట. బరువట. రొమ్ముల మధ్య రోకలి నిలబెట్టినట్టు. కింది దవడ దాకా పాకుతుందట. బకెట్ ఎత్తితే వస్తుంది, మెట్లెక్కితే వస్తుంది, కడుపునిండా తిని నడిస్తే త్వరగా వస్తుంది. ఆగితే నాలుగైదు నిమిషాల్లో పోతుంది. ఎన్నాళ్లుగా? పోయిన మామిడి సీజన్‌లో ఊరగాయ జాడీ అటక మీదికి ఎక్కించిన రోజు మొదటిసారి వచ్చిందట. అంటే సంవత్సరం దగ్గర పడింది. మొదట్లో వారానికి ఒకసారి, ఇప్పుడు రోజూ.

తర్వాత ఆమె చెప్పిన మాట నా చేత పెన్ను పక్కన పెట్టించింది. ఆరు నెలలుగా అమ్మీ కుర్చీలో కూర్చుని నమాజ్ చదువుతోంది. మోకాళ్ల నొప్పులని మేమంతా అనుకున్నాం. తమ్ముడు మంచి కుర్చీ కొని తెచ్చాడు కూడా, సవాబ్ వస్తుందని. "మోకాళ్లు కాదు బేటా," అంది. "సజ్దా నుంచి లేస్తే ఇక్కడ పట్టేస్తోంది. ఐదు పూటలా పట్టేస్తోంది. అందుకే కుర్చీ."

ఐదు పూటలా మా కళ్ల ముందే. అదే గదిలో. మేం కుర్చీ కొనిచ్చాం.

నేనొకటి అడుగుతాను. గ్యాస్ అయితే సజ్దా నుంచి లేచినప్పుడు వచ్చి, కూర్చుంటే పోతుందా? మెట్లను చూసి వస్తుందా? శ్రమ పడితే వచ్చి, ఆగితే తగ్గే బరువు అంటే గుండె అదనంగా రక్తం అడుగుతోంది, దారి ఇరుకై అందట్లేదు అని డాక్టర్లు మొదట అనుమానిస్తారు. ఆ అనుమానం రావాలంటే వాళ్లకు ఈ ముక్క చెప్పాలి కదా. "గాబరా" అని చెబితే ఎలా వస్తుంది? ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో సినిమాలో చూపించినట్టు గుండె పట్టుకుని పడిపోయే నొప్పి ఉండకపోవచ్చు. ఆయాసం, దవడ లాగడం, వీపులో నొప్పి, వాంతి వచ్చినట్టుండటం, మామూలు పనికే విపరీతమైన అలుపు, ఇలా రావచ్చు. అమ్మీకి షుగర్ పన్నెండేళ్లుగా ఉంది.

తర్వాత మందుల డబ్బా బోర్లించాం. షుగర్ మాత్రలు, బీపీ మాత్ర సరే. మోకాళ్లకని ఎవరో రాసిచ్చిన డైక్లోఫెనాక్ రోజూ వేసుకుంటోంది. అలాంటి నొప్పి మాత్రలు రోజూ వేసుకుంటే గుండెకూ కిడ్నీకీ హాని అని ఎవరూ ఆమెకు చెప్పలేదు. అడుగున ఖమీరా డబ్బా దొరికింది. దిల్‌కు తాకత్ అని ఖాలా ఇచ్చిందట, రెండు పూటలా చెంచాడు. ఖమీరా పాకంతో చేస్తారు. షుగర్ మనిషి! మాకెవరికీ తెలియదు. మందులన్నీ, ఖమీరాతో సహా, పేర్లతో సంచిలో పెట్టాం. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. డాక్టర్‌కు దాచేదే జహర్ అవుతుంది.

ఒకటిన్నర పేజీ అయింది. తోటలో ఒక చెట్టుకు అబ్బా రాసినంత. కన్న తల్లికి ఇంత రాయడానికి నాకు సంవత్సరం పట్టింది.

*

ఇప్పుడు మీ బహానాలకు వస్తాను. మొదటిది హయా.

"ఆడవాళ్లు, ఛాతీ మీద బట్ట తీసి మెషిన్లు పెడతారు, మగవాడు ఉంటాడు, వద్దులే." ఇది అమ్మీ తరం మాటే కాదు, చదువుకున్న కోడళ్ల మాట కూడా. అసలు నొప్పి చోటు చెప్పడానికే సిగ్గు. రొమ్ము అనలేక భుజం అంటారు. డాక్టర్ భుజానికి మందు రాస్తాడు.

డాక్టర్ మెడలో వేలాడే స్టెతస్కోప్ ఎలా పుట్టిందో తెలుసా? 1816లో పారిస్‌లో రెనే లెన్నెక్ అనే డాక్టర్ దగ్గరకు గుండె జబ్బు లక్షణాలతో ఒక యువతి వచ్చింది. అప్పట్లో ఛాతీకి చెవి ఆనించి వినేవారు. పరాయి ఆడపిల్ల ఛాతీకి చెవి ఆనించడం సబబు కాదనిపించింది ఆయనకు. కాగితాల దస్తా ఒకటి తీసి గట్టిగా గొట్టంలా చుట్టి, ఒక కొస ఆమె గుండె మీద, ఇంకో కొస తన చెవికి పెట్టాడు. చెవి ఆనించి విన్నప్పటి కంటే శుభ్రంగా వినపడింది. హయా అక్కడ ఇలాజ్‌ను ఆపలేదు, ఇలాజ్‌కు దారి వెతికింది. మనం హయా పేరు చెప్పి దారి మూసేస్తున్నాం.

దారి ఉంది. ఈసీజీ, ఎకో తీసేటప్పుడు ఆడ టెక్నీషియన్ కావాలని అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఫోన్‌లో అడగండి. లేకపోతే నర్సు గాని, మన ఇంటి ఆడమనిషి గాని గదిలో ఉంటామని అడగండి. ముందు గుండీలున్న కమీజ్ వేయించండి, పైన కప్పడానికి పెద్ద దుపట్టా తీసుకోండి. లచ్ఛా, గాజులు, తావీజు ఇంట్లోనే తీసి పెట్టండి, అక్కడ హడావిడిలో తీస్తే పోతాయి. అమ్మీ తావీజు తీయనంటే నేను వాదించలేదు. ఆపా దాన్ని తీసి చిన్న సంచిలో పెట్టి తన పర్సులో వేసుకుంది. అల్లాహ్ రక్షణ దారానికి వేలాడదు, అది అమ్మీకి నాకంటే బాగా తెలుసు.

ట్రెడ్‌మిల్ పరీక్ష పెడతారేమో. మోకాళ్లు నడవనివ్వవంటే ముందే చెప్పాలి, నడవకుండా చేసే పరీక్షలు కూడా ఉన్నాయి. ఏ పరీక్షకు ఖాళీ కడుపుతో రావాలి, పొద్దున ఏ మాత్ర వేసుకోవాలి, ఏది ఆపాలి అన్నది ముందురోజు హాస్పిటల్‌కే ఫోన్ చేసి అడగాలి. బీపీ మాత్ర, షుగర్ మాత్ర మనంతట మనం ఆపకూడదు. షుగర్ మనిషిని ఊరికే పస్తు ఉంచకూడదు. ఆపా లెమన్ రైస్ మీద పెట్టిన దిమాగ్ నాలుగో వంతు దీని మీద పెడితే సరిపోతుంది.

*

రెండో బహానా తకదీర్. "మౌత్ రాసి ఉంటే ఎవరు ఆపుతారు? తవక్కుల్ చేయండి."

ఒంటెను కట్టేసి తవక్కుల్ చేయమన్న హదీసు మనకందరికీ తెలుసు. జుమాలో విన్నాం, పిల్లలకు చెప్పాం. మామిడి తోట పట్టినవాడు ఎవరైనా పూత మీద పురుగు చూసి "తకదీర్" అని కూర్చున్నాడా? అప్పు చేసి మందు కొట్టిస్తాడు. చెట్టుకు లేని తవక్కుల్ తల్లి దగ్గర ఎందుకు గుర్తొస్తుంది?

ఇక ఖాలా పంపిన అజ్వా డబ్బా. దాని మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది, దిల్ జబ్బులకు నబీ ఇలాజ్ అని. దుకాణాల్లో, వాట్సాప్‌లో, జల్సాల బయట బల్లల మీద ఇదే ప్రచారం. నేను ఖాలాను ఏమీ అనను, ఆమెది మొహబ్బత్. అమ్మేవాళ్లను అంటాను. ఆ రివాయత్ సునన్ అబూ దావూద్‌లో, తిబ్ బాబ్‌లో ఉంది. దాని సనద్ మీద ముహద్దిసీన్‌లో బహస్ ఉందని నాకు తెలుసు. అమ్మేవాళ్లు దాన్నే దలీల్‌గా చూపిస్తున్నారు కాబట్టి పూర్తిగా చదువుదాం. హజ్రత్ సాద్ రజియల్లాహు అన్హుకు జబ్బు చేసింది. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం చూడటానికి వెళ్లారు. ఛాతీ మీద చెయ్యి పెట్టారు. నీకు గుండె జబ్బు ఉందన్నారు. సఖీఫ్ కబీలాకు చెందిన హారిస్ బిన్ కలదా దగ్గరకు వెళ్లమన్నారు, అతను ఇలాజ్ చేసే మనిషని. అజ్వా సంగతి ఆ తర్వాత వస్తుంది.

హారిస్ అప్పటి అరబ్బుల్లో పేరున్న తబీబ్. అతను ఇస్లాం స్వీకరించాడా లేదా అన్నది కూడా ఉలమాలు చర్చించిన విషయమే. అయినా అతని దగ్గరకే వెళ్లమన్నారు. ఖర్జూరం అమ్మేవాళ్లు రివాయత్‌లో రెండో సగం డబ్బా మీద అచ్చేసి, మొదటి సగం కోసేశారు. మొదటి సగంలో ఏముంది? చెయ్యి పెట్టి చూడటం ఉంది, మర్జ్ పేరు చెప్పడం ఉంది, డాక్టర్ దగ్గరకు పంపడం ఉంది. మనం పరీక్ష మానేసి, పేరు "గ్యాస్" అని పెట్టి, డాక్టర్‌ను వదిలేసి, నేరుగా డబ్బా మూత తీస్తున్నాం. దీన్ని సున్నత్ అనకండి.

రమజాన్ సంగతి కూడా ఇక్కడే చెబుతాను. పోయిన రమజాన్‌లో అమ్మీ ముప్ఫై రోజాలూ ఉంది. పగలు మాత్రలు మానేసింది. బీమార్‌కు రోజాలు వేరే రోజుల్లో పూర్తి చేసుకునే రుఖ్సత్ సూరె బఖరాలోనే ఉంది. ఇచ్చింది అల్లాహ్. వద్దనడానికి మనమెవరం? ఆమె నీరసంగా పడుకుంటే "మాషాఅల్లాహ్, ఈ వయసులో కూడా" అని మెచ్చుకున్నాం. ఆ మెచ్చుకోలే ఆమె నోరు నొక్కేసింది.

*

మూడో బహానా డబ్బు, భయం. "అక్కడికి పోతే స్టెంట్ వేసేదాకా వదలరు." దీన్ని నేను కొట్టిపారేయను. దోపిడీ ఉంది, చూసిన వాళ్లం. కానీ భయానికి మందు ఇంట్లో కూర్చోవడం కాదు, అడగడం నేర్చుకోవడం. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధర మీద హద్దు పెట్టింది, మందు పూసిన స్టెంట్‌కు అప్పట్లో 29,600 రూపాయలు. తర్వాత సవరిస్తూ వచ్చినా హద్దు ఉంది. ఏ స్టెంట్, ధర ఎంత అని అడగండి. యాంజియోగ్రామ్ తీస్తే సీడీ, రిపోర్టు అడిగి తీసుకోండి. ప్రాణం మీదికి రాని పరిస్థితి అయితే, ఇంకో డాక్టర్‌కు చూపించి చెబుతామనడం మన హక్కు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో గుండె ఇలాజ్ కూడా ఉంది. రేషన్ కార్డు, ఆధార్ పెట్టుకుని, ఆ హాస్పిటల్ పథకంలో ఉందో లేదో ముందే కనుక్కోండి, అక్కడ వైద్యమిత్ర కౌంటర్‌లో అడగండి. పెళ్లికి ఫంక్షన్ హాల్ వాడితో ఎన్ని ప్రశ్నలు వేస్తాం! ఇక్కడ నోరెందుకు పడిపోతుంది?

ఇంకొకటి. అపాయింట్‌మెంట్ అనేది ఆగితే తగ్గే నొప్పికి. కూర్చున్నా పది పదిహేను నిమిషాల్లో తగ్గని నొప్పి, చల్లటి చెమట, ఊపిరి ఆడకపోవడం, స్పృహ తప్పినట్టు ఉండటం, ఇవి వస్తే మంగళవారం దాకా ఆగేది లేదు. ఆ నిమిషమే 108. 2005 నుంచి మన దగ్గర ఆ బండి ఉంది. ఛాతీ నొప్పితో వెళ్తే పది నిమిషాల్లోపు ఈసీజీ తీయాలన్నది డాక్టర్లు పెట్టుకున్న నియమమే. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌ను ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే స్టెమీ కార్యక్రమం కూడా మన రాష్ట్రంలో 2023లో మొదలైంది. ఇవన్నీ మొదటి గంటల్లో పనికొచ్చేవి. సోడా తాగి రెండు గంటలు చూశాక కాదు. పక్కింటివాళ్ల నాలుక కింద మాత్ర అడిగి పెట్టకండి, బీపీ పడిపోయే ప్రమాదం ఉంది. మేం 108 నంబర్ గోడ మీద రాశాం, అబ్బా ఫొటో పక్కన.

*

మస్జిద్ కమిటీల పెద్దలకు ఒక మాట. జనాజాకు కావలసినవన్నీ మన దగ్గర సిద్ధంగా ఉన్నాయి. డోలా ఉంది, కఫన్ బట్ట ఉంది, గుస్ల్ బల్ల ఉంది. అర్ధరాత్రి కబురు పెట్టినా గంటలో పదిమంది వస్తారు. అల్లాహ్ వాళ్లకు జజా ఇవ్వాలి. బతికున్న మనిషి కోసం ఒక బీపీ మిషన్, నెలకొకసారి ఒక నర్సమ్మను కూర్చోబెట్టే ఏర్పాటు, ఆడవాళ్లకు విడిగా ఒక గంట, ఇంత చేయలేమా? మయ్యత్ దగ్గరకు పరుగెత్తే కాళ్లు మరీజ్ దగ్గరకు ఎందుకు ఆలస్యంగా పోతాయి?

ఇళ్లలోని మగవాళ్లకు, అంటే నాకూ, ఇంకో మాట. ఈ రోజు మీ అమ్మీ ఎదుట, బీవీ ఎదుట, అత్తగారి ఎదుట కూర్చోండి. కాగితం తీయండి. ఎక్కడ, ఎప్పటి నుంచి, ఏం చేస్తే వస్తుంది, ఏం చేస్తే పోతుంది, ఎంతసేపు, ఎక్కడికి పాకుతుంది, ఇంకేమవుతుంది, ఏ మందులు, ఇంట్లో ఎవరికి గుండె జబ్బు వచ్చింది. అంతే. వాళ్లు చెబుతున్నప్పుడు మధ్యలో "అది గ్యాస్" అనకండి. వాళ్ల మాటనే రాయండి. బరువంటే బరువని, రోకలంటే రోకలని, ఘబ్‌రాహట్ అంటే ఘబ్‌రాహట్ అనే రాసి, అదెలా ఉంటుందో పక్కన రాయండి. డాక్టర్ దగ్గర ఆమెనే చెప్పనివ్వండి. మరిచిపోతే కాగితం అందించండి. ఎలాగూ చెప్పలేదు అనుకుంటే అది మన ఇంట్లో ఆమెకు ఇన్నేళ్లు మాట్లాడే మౌకా ఇవ్వనందుకు. దానికి మాఫీ అడగాల్సింది ఆమెనే.

మంగళవారం గదిలో నేను ఉంటాను, అమ్మీ రమ్మంది కాబట్టి. మామూ చెప్పిన ముగ్గురు మగవాళ్లు ఉండరు. ఆపా ఉంటుంది. నేను నోరు మూసుకుని ఉంటాను. అబ్బా గురించి అడిగితే మాత్రం నేను చెబుతాను, ఈసారి తారీఖుతో సహా. ఆ గవాహీ నాది.

ఇందాక మగ్రిబ్ తర్వాత అమ్మీ అడిగింది, "తెలుగులో చెప్పనా బేటా, ఉర్దూలోనా?" నీ ఇష్టం అన్నాను. వంటింట్లోకి పోయింది. కాసేపటికి గిన్నెల చప్పుడు మధ్య ఆమె గొంతు వినపడింది, తనలో తాను, పాఠం అప్పజెప్పే పిల్లలా. "డాక్టరు గారూ, మెట్లెక్కితే ఇక్కడ రోకలి నిలబెట్టినట్టు ఉంటది. ఆగితే పోతది. సజ్దా నుంచి లేచినా వస్తది. సంవత్సరం నుంచి."

ఎంత శుభ్రంగా చెప్పింది! సంవత్సరం నుంచి ఆ మాట ఆమె దగ్గర తయ్యార్‌గానే ఉంది.

అమ్మీకి షిఫా కోసం దువా చేయండి. దువా అయ్యాక లేచి మీ ఇంట్లో కాగితం తీయండి.

వస్సలాం.